మనవరాలి ప్లగ్గు

నా మనవరాలు బొడ్డుతాడు చివర ప్లగ్గుతో పుడుతుంది.

మంత్రసాని సన్యాసమ్మ పిల్లని తుడవకముందే ప్లగ్గుని తుడుస్తుంది. తడి ఆరేదాకా ఎవరూ ముట్టుకోవద్దని అందరినీ వెనక్కి జరగమంటుంది. మంచం మీదున్న మా అమ్మాయి భ్రమర, ఆడపిల్లా మగపిల్లాడా అని అడగదు. పిన్నులెన్ని అని అడుగుతుంది. మూడని చెబుతాను. మూడుంటే మంచిదేలే అని కళ్ళు మూసుకుంటుంది.

మూడూ మూడు రకాలు. ఒకటి గుండ్రంగా, మిరియం గింజంత ఉంది. ఒకటి బల్లపరుపుగా, దోసగింజలా ఉంది. మూడోది వంపు తిరిగి, కోసి పారేసిన గోరులా ఉంది. ఇలాంటి ప్లగ్గు నేను ఇంతవరకూ చూడలేదు. అలా చెప్పుకోవడం నాకు నామోషీగానే ఉంది, ఎందుకంటే ప్లగ్గుల విషయంలో మా ఇంటిని మించిన ఇల్లు ఈ జగన్నాథపురంలోనే కాదు, మొత్తం కాకినాడలోనే లేదు.

పిల్ల ఏడవదు. ఊపిరి తీస్తోంది, అంతే. కళ్ళు తెరవదు. అరికాళ్ళు చల్లగా ఉన్నాయి. సన్యాసమ్మ పిల్లని తలకిందులుగా పట్టుకుని వీపు మీద తట్టి, ఛాతీకి చెవి ఆనించి విని, తెచ్చి నా చేతుల్లో పెడుతుంది.

"పిల్లకేం లోటు లేదు తాయారమ్మగారూ," అంటుంది. "కరెంటే లేదు."

చలి కాళ్ళ దగ్గర మొదలై పైకి ఎక్కుతుందట. గుండె దాకా ఎక్కకముందే పిల్లని ఏదో ఒక గోడకి పెట్టాలట. దీపాలు పెట్టే వేళ దాటితే లాభం లేదట. దాటితే ఏమవుతుందో ఆవిడ చెప్పదు, నేను అడగను.

మా అల్లుడు సూరిబాబు సరుకుల ఓడలో వంటవాడు. ఓడ ఏ రేవులో ఆగినా మిగతావాళ్ళు సెంట్లూ చాక్లెట్లూ కొనుక్కుంటే, ఈయన ఆ దేశపు సాకెట్టు ఒకటి కొనుక్కొస్తాడు. ఎవరి పిచ్చి వారికానందం. సెలవుకి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఏదో ఒక గోడ తవ్వి బిగిస్తాడు. హాల్లో ఉన్నది ఇంగ్లండుది, మూడూ పలకల కన్నాలు. వీధి గదిలో అమెరికాది, రెండు సన్నటి చీలికలు, కింద ఒక గుండ్రటి నోరు, ఎప్పుడూ ఏదో చూసి హడలిపోయినట్టు ఉంటుంది. వంటింట్లో ఆస్ట్రేలియాది రెండు కళ్ళూ వాల్చి ఏడుపుమొహం పెట్టుకుంటుంది. పెరటి గదిలో జర్మనీది చిన్న గిన్నె లాంటి గుంత, అడుగున రెండు కన్నాలు.

వెనకాల వచ్చేది మన కాకినాడ కరెంటేనని, కన్నం ఒక్కటే వాళ్ళదని సూరిబాబు మొదట్లో చెప్పేవాడు. అదంతా ఒట్టిదే. కన్నాన్ని బట్టే గది. హాల్లో ఎప్పుడూ తుప్పర పడుతూ ఉంటుంది, గొడుగు వేసుకుని సోఫాలో కూర్చుంటాం. మనకి రోహిణి కార్తె వచ్చేసరికి వంటింట్లో చలికాలం వస్తుంది, అందుకని అక్కడ ఆవకాయ పెట్టడం మానేశాను. అలవాటైపోయింది. ఏ గదిలోకి వెళ్ళేటప్పుడు ఏ చెప్పులు వేసుకోవాలో మా ఇంట్లో అందరికీ తెలుసు.

సూరిబాబు తన అడాప్టర్ల సంచి తెచ్చి చాప మీద బోర్లిస్తాడు. ఒక్కటీ పిల్ల పిన్నులకి పట్టదు. చివరికి మనవాళ్ళందరూ చేసే పనే చేస్తాడు. మూడు పిన్నులకీ సన్నటి రాగితీగలు చుట్టి, వాటి కొసలు సాకెట్టు కన్నాల్లో దోపి, జారిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చుతాడు. సరిపడని వైరుని గోడకి నిలబెట్టాలంటే మన దగ్గర అగ్గిపుల్లని మించిన సాధనం లేదు.

ముందు హాల్లో పెడతాం. ఇంగ్లండు సాకెట్టుకి మర్యాదలెక్కువ. పై కన్నంలోకి పొడుగు పిన్ను దూరితే తప్ప కింది రెండు కన్నాల తలుపులూ తెరుచుకోవు. సూరిబాబు పై కన్నంలో ప్లాస్టిక్ పెన్ను గుచ్చుతాడు, తలుపులు తెరుచుకుంటాయి. పిల్ల పెదవులు కదులుతాయి. నేను గొడుగు పారేసి వంగి చూస్తాను. ఏదో చెప్పబోతున్నట్టు నోరు గుండ్రంగా చుడుతుంది, అంతలో తప్‌మని ఎక్కడో ఫ్యూజు పోతుంది. సూరిబాబు మళ్ళీ ఫ్యూజు వేసేదాకా తుప్పర కూడా ఆగిపోతుంది. చలి మోకాళ్ళ దాకా వచ్చింది.

తర్వాత వీధి గది. అమెరికా కరెంటు మన కరెంటులో సగమే ఉంటుందని సూరిబాబు ముందే చెబుతాడు. అసలు లేనిదానికంటే సగం నయమే కదా అంటాను. పుల్ల గుచ్చగానే పిల్లకి ఎడమవైపు మెలకువ వస్తుంది. ఎడమ కన్ను తెరుచుకుంటుంది. ఎడమ చెయ్యి నా వేలు పట్టుకుంటుంది, గట్టిగా. కుడివైపు అలాగే చల్లగా పడి ఉంది. ఆ ఒక్క కన్ను నన్నే చూస్తోంది, మిగతా నన్ను ఎక్కడ పెట్టావు అని అడుగుతున్నట్టు చూస్తోంది.

"తీసెయ్ బాబూ," అంటాను. "సగం పిల్ల నాకొద్దు."

సూరిబాబు పుల్లలు లాగేస్తాడు. నా వేలి మీద పట్టు వదులవుతుంది. అది వదలడం నేను చచ్చేదాకా మర్చిపోను.

వంటింట్లో పెట్టీ పెట్టగానే ఆవాల డబ్బా మీద మంచు పేరుకుంటుంది. అక్కడ ఇప్పుడు నడి చలికాలం. అసలే చల్లబడుతున్న పిల్ల, గోరుచుట్టు మీద రోకటిపోటు. అప్పటికప్పుడు తీసేస్తాం.

పెరటి గదిలో తీగలు దోపుతూ ఉండగానే ప్లగ్గు జారి ఆ గుంతలోకి వెళ్ళిపోతుంది. తాడు దాని వెనకే బారలు బారలుగా వెళ్తుంది. నేను రెండు చేతులా పట్టుకుని, బావిలోంచి చేదతో నీళ్ళు తోడినట్టు తోడతాను. తోడే ముందు ఒక్క క్షణం గోడకి చెవి ఆనిస్తాను. లోపల ఒక దేశం మొత్తం నిద్రపోతోంది. ఆ దేశపు ఫ్రిజ్జులు, వీధి దీపాలు, రైళ్ళు, ఆసుపత్రి మంచాల పక్కనుండే మిషన్లు అన్నీ కలిసి ఒకే శ్రుతిలో సన్నగా పాడుతున్నాయి. అంత పెద్దది, నా చెవికి అంత దగ్గరగా. తెలియకుండానే దణ్ణం పెడతాను. కానీ అది మా పిల్ల శ్రుతి కాదు. తాడంతా బయటికి వచ్చేసరికి పిన్నులకి కాఫీ వాసన అంటుకుని ఉంది.

మెయిన్ రోడ్డులో నూకరాజు గారి ఎలక్ట్రికల్ షాపుకి తీసుకెళ్ళమని సన్యాసమ్మ సలహా చెబుతుంది. ఆయన దగ్గర లేని సామాను ఇంకా తయారవ్వలేదని ఊళ్ళో పేరు. భ్రమర దగ్గర సూరిబాబుని ఉంచి, పిల్లని పైట కింద గుండెకి హత్తుకుని, తాడు చుట్ట చుట్టి భుజాన వేసుకుని బయల్దేరతాను.

ఉప్పుటేటి మీద వంతెన ఇవాళ పొడుగ్గా ఉంది. నేను ఎంత నడిస్తే అది అంత పెరుగుతోంది. ఎదురుగా వస్తున్న సైకిలతను అలవాటే అన్నట్టు దిగి, వెనక్కి నడవండమ్మా, దానికి మనం ఎటు వెళ్తున్నామో తెలియకూడదు అని చెప్పి వెళ్ళిపోతాడు. నేను వెనక్కి తిరిగి జగన్నాథపురం వైపు చూస్తూ వెనకడుగులు వేస్తాను. వంతెన మోసపోయి చటుక్కున అయిపోతుంది.

నూకరాజు గారు కళ్ళజోడు పైకి పెట్టుకుని ప్లగ్గు చూస్తారు. మూడు పిన్నుల్నీ విడివిడిగా ముట్టుకుని, పిల్ల మొహం కూడా చూసి, గోడకున్న సొరుగు ఒకటి లాగుతారు. సొరుగు షాపులోంచి బయటికి వచ్చి, రోడ్డు దాటి, అవతలి బట్టల కొట్టు దాకా వెళ్ళి ఆగుతుంది. ట్రాఫిక్ ఆగి దానికి దారి ఇస్తుంది. అందులో అన్ని దేశాల సాకెట్లూ వరసగా ఉన్నాయి. నవ్వేవి, కళ్ళు చికిలించేవి, ముగ్గురు అన్నదమ్ముల్లా ఒకే గీత మీద నిలబడ్డవి, ఎవరూ వాడక కన్నాలు పూడుకుపోయినవి. నూకరాజు గారు సొరుగులో దిగి ఆ చివరి దాకా నడిచి వెళ్ళి, దుమ్ము దులుపుకుంటూ తిరిగి వస్తారు.

"ఈ ప్లగ్గు దేశం ఇంకా పుట్టలేదమ్మా," అంటారు. "పుట్టాక కబురు చెయ్యండి, సాకెట్టు తెప్పిస్తాను."

నాకు ఒళ్ళు మండుతుంది. పిల్ల పుట్టాక దేశం పుట్టడమేమిటి, ఇన్ని దేశాలవాళ్ళూ ఒకచోట కూర్చుని అందరికీ ఒకటే కన్నం పెట్టుకుని ఏడవచ్చు కదా అని ఆయన మీద విరుచుకుపడతాను. తప్పు ఆయనదైనట్టు. ఆయన నొచ్చుకోరు. మొదట్లో ఎవరింట్లో వాళ్ళు దీపం కోసం కన్నం తవ్వుకున్నారని, అప్పుడు పక్కింటివాళ్ళని అడగాలని ఎవరికీ తోచలేదని నిదానంగా చెబుతారు. ఇప్పుడు మార్చాలంటే గోడలన్నీ పగలగొట్టుకోవాలి. తన గోడ పగలగొట్టుకోవడం ఎవరికి ఇష్టం?

తర్వాత కౌంటరు కింద నుంచి మన మూడు పిన్నుల టాప్ ఒకటి తీసి నా చేతిలో పెడతారు. మామూలుది, తెల్లది, ప్రతి ఇంట్లోనూ ఇస్త్రీపెట్టెకి ఉండేది.

"బయటినుంచి ఏ సామాను వచ్చినా మనం చేసేది ఇదే కదమ్మా. దాని తల కోసేసి మన తల బిగిస్తాం. సుబ్బరంగా పనిచేస్తుంది."

సొరుగు మూసుకుంటుంది. ట్రాఫిక్ కదులుతుంది. చలి పిల్ల నడుము దాకా వచ్చింది, పైటలోంచి నా పొట్టకి తగులుతోంది. ఈసారి వెనకడుగులు కూడా వెయ్యను, వంతెన పెరిగేలోపే పరుగెత్తుకుంటూ వచ్చేస్తాను.

నేను వచ్చేసరికి సన్యాసమ్మ నీళ్ళు మరగబెట్టి బ్లేడు అందులో వేసి ఉంచింది. టాప్ చూడగానే ఆవిడ మొహం తేటపడుతుంది. ఎలాగూ బొడ్డు కొయ్యాలి, అటు కోసి ఇటు ఇది బిగించేస్తే ఒకే దెబ్బకి రెండు పిట్టలు అంటుంది. నాకు సబబుగానే తోస్తుంది. సూరిబాబు స్క్రూడ్రైవరు తీస్తాడు. రేపటి నుంచి పిల్ల ఏ ఇంట్లో పెట్టినా, ఏ బోర్డుకి పెట్టినా ఇమిడిపోతుంది, ఆడపిల్లకి అంతకంటే ఏం కావాలి అని కూడా అంటాను.

భ్రమర మంచం మీద లేచి కూర్చుంటుంది.

పచ్చి బాలింతవి, పడుకో అని కసురుతాను. పడుకోదు. గోడ పట్టుకుని లేచి వచ్చి, పిల్లని నా చేతుల్లోంచి తీసుకుంటుంది. చిన్నప్పటి నుంచీ అది మెత్తటి మనిషి. ఒక మాటకి ఎదురు చెప్పి ఎరగదు. ఆ పిల్లేనా ఇది అని చూస్తాను.

"కొయ్యకమ్మా," అంటుంది. "పొద్దుట్నించి గోడగోడకీ తిప్పి దీన్నే సర్దుకోమంటున్నారు. ఒక్క గోడనైనా సర్దుకోమన్నారా?"

పిల్లని గుండెకి హత్తుకుంటుంది.

"దీని పిన్నులు మార్చొద్దు. గోడ తవ్వండి."

నాకు కోపం వస్తుంది. పుట్టి పూట కాలేదు, అప్పుడే దాని తరపున తగువు. కొయ్యకపోతే పిల్ల దక్కదేమోనని భయం వస్తుంది. ఆ రెండింటి కిందా ఇంకొకటి ఉంది, చెప్పుకుంటే సిగ్గు, ఈ పూట నా కూతుర్ని చూస్తే నాకు గర్వంగా ఉంది. బ్లేడు ఇలా ఇవ్వు, అవతల పారేస్తానని సన్యాసమ్మతో అంటాను. ఆవిడ ఇవ్వదు, అవసరం పడుతుందేమోనని వెనక్కి దాచుకుంటుంది.

మేమున్న పడమటి గదికి ఏ దేశపు సాకెట్టూ లేదు. ఈ ఒక్క గోడా నాకు వదిలెయ్యండని పెళ్ళైన కొత్తలోనే భ్రమర సూరిబాబుతో అనేసింది. పాత సున్నపు గోడ. దాని వెనకాల వైరు లేదని, తవ్వినా ఉపయోగం లేదని సూరిబాబు నసుగుతాడు.

"కన్నమే లేనప్పుడు వైరెందుకొస్తుందండీ?" అంటుంది భ్రమర.

సూరిబాబు ముందు జాగ్రత్తగా వెళ్ళి మెయిన్ ఆపి, ఫ్యూజులు ఊడదీసి జేబులో వేసుకుని వస్తాడు. ఇంట్లో దేశాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. హాల్లో తుప్పర పడేది పడకుండా గాలిలోనే నిలిచిపోతుంది. వంటింటి చలి కరిగి గడప దాటి వచ్చి మా పాదాలు తడుపుతుంది. మొదటిసారి మా ఇల్లు మా ఇల్లులా ఉంది, ఏమీ తెలియని ఇల్లులా.

తవ్వుతాం. గుండ్రటి కన్నం సూరిబాబు స్క్రూడ్రైవరుతో తవ్వుతాడు. బల్లపరుపు కన్నం నా వంతు, అట్లకాడ అంచుతో గీకుతాను. మొదట్లో గోడ రాయిలా మొరాయిస్తుంది. నేను దాన్ని తిడతాను. ఇన్నేళ్ళు నీకు సున్నాలు వేయించాను, ఒక్క పసిపిల్లకి చోటివ్వలేవా అంటాను. అప్పుడు కొంచెం కొంచెంగా లొంగుతుంది, కలిపిన పిండిలా. వేళ్ళు పెడితే లోపల వెచ్చగా ఉంది. మూడోది, ఆ వంపు తిరిగినది, మా ఇద్దరికీ చేతకాదు. ఏ పనిముట్టూ అలా తిరగదు. భ్రమర పిల్లని సన్యాసమ్మకిచ్చి, బొటనవేలి గోరు గోడకి ఆనించి నొక్కుతుంది. గోరు దిగుతుంది. తీసి చూస్తే కన్నం సరిగ్గా అదే వంపు.

చలి పిల్ల పక్కటెముకల దాకా వచ్చింది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. వీధిలో ఎవరో దీపం పెట్టినట్టున్నారు, అగరొత్తుల వాసన వస్తోంది.

భ్రమర ప్లగ్గు పట్టుకుని గోడకి పెడుతుంది. అగ్గిపుల్లలు లేవు, రాగితీగలు లేవు, అడాప్టర్లు లేవు. మూడు పిన్నులూ ఒకేసారి, ఎక్కడా తగలకుండా, వెన్నలోకి దిగినట్టు దిగిపోతాయి.

ఏమీ జరగదు.

ఎంతసేపు చూసినా ఏమీ జరగదు. పిల్ల కదలదు. నాకు భయంగా ఉంది. ఇంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు. కోసి ఉంటే బతికేదేమో, కూతురి మాట విని పిల్లని పోగొట్టుకున్నానేమో అనుకుంటాను. సన్యాసమ్మ చేతిలో బ్లేడు ఇంకా ఉంది. దాని వంక చూడకూడదని తలెత్తి పైకి చూస్తాను.

ఫ్యాను తిరుగుతోంది.

మెల్లగా, ఒళ్ళు విరుచుకుంటున్నట్టుగా తిరుగుతోంది. మెయిన్ ఎవరు వేశారని అడుగుతాను. ఎవరూ వెయ్యలేదు. సూరిబాబు జేబులోంచి ఫ్యూజులు తీసి అరచేతిలో పెట్టి చూపిస్తాడు. గదిలో బల్బు వెలుగుతుంది. ఆయన టెస్టర్ తీసి, గోడకీ పిల్లకీ మధ్య ఉన్న తాడుకి ఆనిస్తాడు. టెస్టర్‌లో ఎర్రటి మినుకు కనిపిస్తుంది. ఆయన నేల మీద చతికిలబడతాడు.

"అటునించి ఇటు రావట్లేదండి, అత్తయ్యగారండి," అంటాడు. "ఇటునించి అటు వెళ్తోంది."

అర్థమవడానికి నాకు కాస్త టైము పడుతుంది. పొద్దుట్నించి మేము దేశదేశాల కరెంటూ అడుక్కొచ్చి దీనికి పెట్టాలని చూస్తున్నాం. ఇచ్చేదాన్ని పట్టుకుని పుచ్చుకునేదనుకున్నాం. ఉన్నదంతా లోపలే ఉంచుకుని, వెళ్ళడానికి దారి లేక పిల్ల చల్లబడిపోయింది. సన్యాసమ్మ బ్లేడుని గుడ్డలో చుట్టి రొంటిన దోపుకుంటుంది. పుచ్చుకునేవాళ్ళు లేకపోతే ఎవరైనా చల్లబడతారు తాయారమ్మగారూ అని మాత్రం అంటుంది.

అప్పుడు పిల్ల ఏడుస్తుంది.

రెండు వైపులా ఏడుస్తుంది, రెండు కళ్ళూ తెరిచి, రెండు కాళ్ళూ తన్నుకుంటూ. చలి ఎక్కిన దారినే దిగిపోతుంది. నడుము వెచ్చబడుతుంది, మోకాళ్ళు వెచ్చబడతాయి, అరికాళ్ళు పెసరట్టులా వేడిగా ఉన్నాయి. నేను వాటిని నా చెంపలకి ఆనించుకుని ఏడుస్తాను. సిగ్గేమీ లేదు. సూరిబాబు కూడా ఏడుస్తున్నాడు. భ్రమర ఒక్కతే ఏడవదు, గోడ మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది.

ఆ ఏడుపు ఒక శ్రుతిలో ఉంది. ఇంట్లో ఉన్న సాకెట్లన్నీ దాన్ని అందుకుంటాయి. ముందు హాల్లోంచి, తర్వాత వీధి గదిలోంచి, వంటింట్లోంచి, పెరట్లోంచి. పొద్దున నేను చెవి పెట్టి విన్న ఆ నిద్రపోతున్న దేశం తన పాట ఆపి, గొంతు సవరించుకుని, మా పిల్ల శ్రుతికి మారుతుంది. దాని వెనక ఇంకో దేశం. దాని వెనక ఇంకోటి. గోడల అవతల ఎన్ని వీధులు, ఎన్ని గదులు, ఎన్ని దీపాలు ఉన్నాయో అవన్నీ ఒక్కొక్కటే వచ్చి కలుస్తున్నాయి. గుళ్ళో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడతాం.

పిల్లని ఎత్తుకుని వీధిలోకి వస్తాను. తాడు నా వెనక ఎంత కావాలంటే అంత వస్తోంది. జగన్నాథపురం అంతా వాకిళ్ళలో నిలబడి ఉంది. అందరూ తమ కాళ్ళ కిందికి చూసుకుంటున్నారు, ఎందుకంటే ఊరు లేస్తోంది.

కుదుపు లేదు. తొణకదు. అంచెలంచెలుగా లేస్తోంది. రేవులో క్రేన్లు, ఓడల మీది స్తంభాలు, కొబ్బరిచెట్లు, సెల్ టవర్లు, చర్చి శిలువ, మసీదు మినార్లు, ధ్వజస్తంభం, మా ఎదురింటివాళ్ళ టీవీ యాంటెన్నా, ఇవన్నీ పిన్నులు, ఊరంతా ఒక ప్లగ్గు. ఇంతకాలం పక్కపక్కనే చూస్తూ కూడా నాకు తట్టలేదు. ఏ రెండూ ఒక ఎత్తు కావు, ఒక లావు కావు. వీధి చివర ఊరి అంచు దాకా వెళ్ళి కిందికి వంగి చూస్తాను. ఊరి అడుగు నుంచి లావుపాటి తాడు ఒకటి, నల్లగా, నీళ్ళోడుతూ, సముద్రం అడుగుకి దిగి ఉంది.

పైన ఆకాశం దగ్గరపడుతోంది. దాని నిండా కన్నాలున్నాయి. ప్రతి చెట్టుకీ ఒక కన్నం. వంగిన చెట్టుకి వంగిన కన్నం, మొండి టవరుకి మొండి కన్నం, యాంటెన్నాకి దాని విరిగిన పుల్లతో సహా. సన్యాసమ్మ తల మీద ఒకటి ఉంది, ఆవిడ కొప్పు ఆకారంలో. నా మీద కూడా ఒకటి ఉంది. నాది కొంచెం వంకర. నా మెడ అలాంటిదే.

నా చేతుల్లో ఉన్న పిల్లకి ఎదురుగా ఉన్నది అన్నింటికంటే చిన్నది, ఆవగింజంత. దాని అంచులింకా పచ్చిగా ఉన్నాయి. అందులోంచి మెత్తటి పొడి పిల్ల నుదుటి మీద రాలుతోంది. అవతలి వైపు ఎవరో ఇంకా తవ్వుతున్నారు.

నేను పిల్లని ఇంకొంచెం పైకి ఎత్తి పట్టుకుంటాను.